సబ్‌మెరైన్ దగ్గర అయిదింటికి

నాలుగూ యాభై. బీచ్ రోడ్డు దీపాలింకా ఆర్పలేదు. సముద్రం కనబడదు, హోరు మాత్రం వినబడుతుంది. ఆటో దిగి సబ్‌మెరైన్ వైపు నడవండి. విశాఖలో ఎవరూ దీన్ని ఐఎన్‌ఎస్ కుర్సురా అనరు, సబ్‌మెరైన్ అనే అంటారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డెక్కి మ్యూజియం అయిపోయింది. "రిటైరయ్యాక బీచ్‌కి రావడం మొదలెట్టిన వాళ్లలో నాకంటే సీనియర్ ఇదొక్కటే" అంటారు మాస్టారు.

అదిగో, కారు డిక్కీ తెరిచి నీళ్ల క్యాను సర్దుతున్నది ఆయనే. మోకాలు మొరాయించాక పరుగు మానేశారు, రావడం మానలేదు. క్యాను పక్కన అరటిపళ్ల అత్తం, స్టీలు క్యారియరు నిండా మజ్జిగ.

మీ పేరెవరూ అడగరు. "షూ కొత్తవా?" అని అడుగుతారు. డాక్టరు గారు మీ కాళ్ల దగ్గర వంగి, లేసు ముడికున్న రెండు చెవుల్నీ మళ్లీ కలిపి ఇంకో ముడి బిగిస్తారు. "దారిలో ఊడితే మీ కోసం అందరం ఆగాలి" అంటారు. బెదిరింపనుకునేరు. నిజంగానే ఆగుతారు.

మొదటి కిలోమీటరు ఎవరికీ సుఖం కాదు. కీళ్లు నూనె లేని తలుపు బందుల్లా ఉంటాయి. మార్చి నెలే అయినా ఉక్కపోత అప్పుడే మొదలైంది, పాండురంగాపురం దాటేసరికి చొక్కా వీపుకంటుకుపోతుంది. ఇంత తొందరగా వాచీ చూసుకునేవాళ్లంటే నాకు చిరాకు. నేనూ చూసుకుంటాను, అది వేరే సంగతి. తర్వాత ఎప్పుడో మీకు తెలియకుండానే పది జతల కాళ్ల చప్పుడు ఒక్కటైపోతుంది. టప్, టప్, టప్. అక్కణ్ణుంచి కబుర్లు.

మాట తెగకుండా వాక్యం పూర్తి చెయ్యగలిగితే అది సరైన వేగం, మధ్యలో ఊపిరి అడ్డం పడితే తగ్గించుకోవాలి. పరుగు నేర్పేవాళ్లు ఎవరైనా చెప్పే సూత్రమే. వాళ్లు ఒంటికి మంచిదని చెప్తారు, మా గుంపు దాన్ని కబుర్లకోసం పట్టుకుంది. పైగా పక్కపక్కన పరిగెడుతుంటే ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు. చూద్దామన్నా చీకటి. ఇంట్లో నోరు పెగలని మాటలు ఇక్కడ బయటికొస్తాయి.

ముందు వెళ్తున్న ఆ పొడుగాయన స్టీల్ ప్లాంటు. ఆ మధ్య వాళ్ల నాన్నగారు పోయారు. పెదకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం మాతో పరుగుకి వచ్చి, అప్పూఘర్ దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్కడ ఉన్నట్టుండి, "చివర్లో నాన్నకి గెడ్డం నేనే గీశానండి. చెంప లోపలికి పోయింది, బ్లేడు ఆనలేదు" అన్నారు. ఎవరం ఏమీ అనలేదు. బ్యాంకావిడ మాలో అందరికంటే జోరు. ఆవిడ నెమ్మదిగా వేగం తగ్గించుకుని ఆయన పక్కకి వచ్చేసింది. మిగతా దారంతా ఆ ఇద్దరి అడుగులూ ఒకే లెక్కలో పడ్డాయి.

ఇక్కడ ముక్కు కాస్త అలవాటు చేసుకోండి, పెద జాలరిపేట. వలల వాసన, తడి ఇసుక, దూరంగా నీళ్లమీద ఊగుతున్న పడవ దీపాలు. బేసిన్లు పెట్టుకుని పడవలకోసం కూచున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి ఇప్పటికీ నవ్వుతారు. "ఎవులు తరుముతున్నార్రా బాబూ మిమ్మల్ని?" అని వాళ్లలో ఒక పెద్దావిడ అడిగింది ఒకసారి. ఆ ప్రశ్న మా గుంపులో సామెతైపోయింది. ఎవరైనా మరీ జోరు చేస్తే వెనకనుంచి ఎవరో ఒకరు, "ఎవులు తరుముతున్నారు?"

ఇప్పుడు తెన్నేటి పార్కు ఎక్కుడు. అడుగులు చిన్నవి చేసుకోండి, తల దించకండి. మీ డొక్కలో పోటు మొదలైందని నాకు తెలుసు, మీ మాటలు ఆగిపోయాయి. పర్లేదు, కుడివైపు చూడండి. సముద్రం అంచున ఎర్రగా ఒక గీత, గీత మీద సగం సూర్యుడు. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు నిలవక ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ, 'ఎం.వి. మా', ఈ రాళ్లమీదికే కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది, మేమూ వచ్చాం. కరోనా పుణ్యమా అని అంతకుముందు నెలల తరబడి ఎవరి మేడమీద వాళ్లం గానుగెద్దుల్లా తిరిగినవాళ్లం. మాస్కులతో, ఆరేసి అడుగుల ఎడంలో నిలబడి, ఆ ఓడని చూస్తూ ఎందుకో తెగ నవ్వుకున్నాం. ఆనాటినుంచి కిలోమీటర్లు లేవు మాకు. ఓడ దాకా, అంతే.

ఇక వెనక్కి తిరగండి. దిగుడు కాబట్టి మాస్టారమ్మాయి పెళ్లి సంగతి చెప్పేస్తాను. తీరా ఫంక్షన్ హాలు దగ్గర చూస్తే శుభలేఖ ఎవరి దగ్గరా లేదు. పైన ఒక పెళ్లి, కింద ఒక పెళ్లి, గుమ్మంలో రెండు బోర్డులు. ఆయన ఇంటిపేరు మాలో ఒక్కరికీ తెలియదు! ఏ కాలి పిక్క పడుతుందో తెలుసు, రాత్రి పప్పు తింటే తెల్లారి ఎక్కడ ఇబ్బంది పడతారో తెలుసు. ఫోన్‌లో ఉన్నది మాత్రం 'రన్నింగ్ మాస్టారు'. కిందికెళ్లి, మాది కాని పెళ్లిలో వెలగపండు రంగు పట్టుచీరావిడ ఎదురుగా కూచుని మజ్జిగ పులుసు దాకా తిన్నాం. ఆవిడ లేచి చెయ్యి కడుక్కోవడానికి నాలుగడుగులు వేసింది. కుడిపాదం కొంచెం బయటికి పడే ఆ నడక చూసి, "అరె, మన బ్యాంకావిడ!" అన్నారు డాక్టరు గారు. ఆవిడా మమ్మల్ని పోల్చుకోలేదట. చెమట లేకుండా ఎప్పుడు చూసింది గనక!

సబ్‌మెరైన్ కనబడుతోంది. ముందు వెళ్లినవాళ్లు అప్పుడే కాళ్లు చాపుకుని ఫుట్‌పాత్ మీద కూచున్నారు. చివరన వస్తున్నది మీరే, సిగ్గుపడకండి. మీరొచ్చేదాకా మాస్టారు మజ్జిగ మూత తియ్యరు, అది ఆయన పద్ధతి. అందుకే అందరూ మిమ్మల్ని "బేగి రాండి, బేగి!" అని అంత ప్రేమగా పిలుస్తున్నారు.

గ్లాసు పట్టుకోండి. అల్లం, కరివేపాకు, ఉప్పు కాస్త ఎక్కువే. మాస్టారు కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, ఫోన్ దూరంగా పట్టుకుని మీ నంబరడుగుతారు. పేరు కూడా అడుగుతారు, మర్యాదకోసం. మీరు ఇంటిపేరుతో సహా చెప్తారు. ఆయన తలూపుతూ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. పక్కనుంచి తొంగి చూడండి: 'రన్నింగ్ కొత్త'.