ప్రమదావనం నుంచి 14416 దాకా

ఇంటి గొడవ గురించి, ఎదుటపడకుండా బయటి మనిషిని సలహా అడగడం తెలుగువాళ్లకు స్మార్ట్‌ఫోన్ నేర్పింది కాదు. 1950లలోనే ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ మొదలుపెట్టారు. వంటల నుంచి సంసారపు చిక్కుల దాకా పాఠకులు అడిగినవాటికి నాలుగు దశాబ్దాలకు పైగా జవాబులిచ్చారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1986లో విద్యార్థుల కోసం కంప్యూటర్‌లో ‘డియర్ అంకుల్ ఎజ్రా’ అనే ప్రశ్నోత్తరాల సేవ పెట్టింది. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. నా లెక్కలో మన ఉత్తరాల శీర్షికలదీ అదే వంశం.

చాటుగా అడగాల్సిన అవసరం ఎందుకొచ్చిందో హైదరాబాద్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1953లో జాల్నా నుంచి తరలివచ్చిన మానసిక వైద్యశాల ఎర్రగడ్డలో స్థిరపడింది. ఊరు ఆ పేటను వెక్కిరింతకు వాడుకుంది. నిద్ర పట్టడం లేదన్నా, కోపం ఆగడం లేదన్నా ‘ఎర్రగడ్డ’ మాట వినాల్సి వస్తుందని జనం నోరు మూసుకున్నారు. లండన్‌లో చాడ్ వారా ‘సమారిటన్స్’ ఫోన్ సేవ ప్రారంభించిందీ అదే 1953లో. ఫోన్‌లో బాధ వినే అలాంటి సేవ, ‘రోష్ని’, సికింద్రాబాద్‌కు 1997లో గాని రాలేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 104 ఫోన్ సేవ ఆరోగ్య సలహాతోపాటు కౌన్సెలింగ్‌నూ పల్లెలకు చేర్చింది.

ఇలా దూరం నుంచే అందే కౌన్సెలింగ్ అవసరం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. చైతన్యపురి, గడ్డిఅన్నారం వీధుల నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, ఊళ్లో నాన్నకు ఏం చెప్పాలో తోచక నలిగిపోయే పిల్లలు ఇక్కడ ఉంటారు. కాస్త ముందుకు వెళితే ఎల్‌బీ నగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులు. కుటుంబ తగాదాలు చాలా ఆలస్యంగా, వకీళ్ల చేతుల్లో పడ్డాక అక్కడికి చేరతాయి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం రాజీకి ప్రయత్నించాలనే చెబుతుంది. కానీ మాట పెరిగిన మొదటి నెలలోనే ఒక కౌన్సెలర్ దొరికితే ఎన్ని ఇళ్లు ఆ మెట్లెక్కకుండా ఉండేవో! 2019 ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. సకాలంలో వినే మనిషి లేకపోతే ఏమవుతుందో అప్పుడు అందరికీ తెలిసింది.

కరోనా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. 2022 అక్టోబర్ 10న టెలి మానస్ అనే ఫోన్ కౌన్సెలింగ్ సేవ వచ్చింది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

వీడియో కౌన్సెలింగ్‌లో జరిగే పని చాలామంది ఊహించుకునేంత గంభీరమైనదేమీ కాదు. కోపానికి మనస్తత్వవేత్త నోవాకో 1975లో రూపొందించిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది. కోపం రాకముందు ఏం జరిగింది, మనసులో ఏ మాట మెదిలింది, ఒంట్లో ఏం మారింది అన్నది రాసుకోవాలి. ఆ తర్వాత ఊపిరి నెమ్మదించడం, కాసేపు అక్కణ్నుంచి లేచి వెళ్లడం, అదే మాటను మరోలా చెప్పడం సాధన చేయాలి. భార్యాభర్తలు వేర్వేరు ఊళ్లలో ఉన్నా ఒకే కాల్‌లో కూర్చోవచ్చు.

చిక్కు గది దగ్గర వస్తుంది. ముగ్గురు పడుకునే హాస్టల్ గదిలో, అత్తమామలతో కలిసి ఉండే రెండు గదుల ఇంట్లో తలుపు వేసుకుని మాట్లాడే వీలెక్కడ? ఫీజులు వసూలు చేసే ప్రతి కోచింగ్ సెంటరూ, హాస్టలూ ఇందుకోసం ఒక చిన్న గది కేటాయించాలని నేను గట్టిగా కోరతాను.

అవతల మాట్లాడేది ఎవరన్నదీ చూసుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. మందు రాసే అధికారం సైకియాట్రిస్టుది. కౌన్సెలర్ల నమోదుకు దారివేసిన చట్టం 2021లోనే వచ్చింది. అప్పటిదాకా బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ కౌన్సెలరే అయ్యాడు. కాబట్టి డబ్బు కట్టే ముందు నమోదు సంఖ్య అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే ఆ కాల్ పెట్టేయండి.