ప్రళయకావేరిలో ఒలందావారి కాపురములు

సంస్కృతమున వస ధాతువునకు నివసించుట యర్థము. దానికి 'ని' చేరినచో నివాసము, 'ప్ర' చేరినచో ప్రవాసము. ధాతువొక్కటియే, ఉపసర్గ మాత్రము మనుష్యుని యింటినుండి దూరదేశమునకు పంపుచున్నది. ఈ భేదమును బేగంపేటలో నివసించు మేము ప్రత్యక్షముగా జూచితిమి. 2008 మొదలు 2023 వఱకు ఇచ్చటి పైగా ప్రాసాదమున అమెరికావారి కాన్సులేటు కార్యాలయ ముండెను. అనుమతిపత్రములకై తెలుగు కుటుంబములు పిల్లలతో వచ్చి యచ్చట బారులు తీరి నిలిచెడివి. పరదేశమున కాపురము పెట్టిన కుటుంబము ఆ దేశపు విద్యను తెలిసికొనగలదా, లేక జీతమునకును వర్తకమునకును మాత్రమే యచ్చట నుండునా యను ప్రశ్న యప్పుడు పుట్టినది. మన తీరమున కొకప్పుడు వచ్చి కాపురమున్న పరదేశీయుల చరిత్ర దీనికి కొంత సమాధానము చెప్పును.

చెన్నపట్టణమునకు ఉత్తరమున సుమారు 55 కిలోమీటర్ల దూరమున, సరస్సునకును సముద్రమునకును సంబంధించిన ప్రళయకావేరి యను ఊరు కలదు. తమిళులు దీనిని పళవేర్కాడందురు. ఐరోపీయులు పులికాట్ అనిరి. సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశమునను, ఊరు తమిళనాటను ఉన్నవి. విజయనగరప్రభువైన వేంకటపతిరాయల యనుమతి బడసి హాలండు వర్తకులు 1610లో నిచ్చట స్థిరపడిరి; 1613లో గెల్డ్రియా యను కోటను గట్టిరి. వీరినే మనవారు ఒలందావారనిరి. బందరులోని వలందపాలెము నేటికిని ఆ పేరును నిలుపుచున్నది. పదాది ఒకారము వకారముతో పలుకబడుట తెలుగు నాలుకకు సహజమే గదా. దామెర్ల వేంకటాద్రి ఆంగ్లేయులకు చెన్నపట్టణపు నేల నిచ్చినది 1639లో. కావున నేడు మహానగరము చెంత చిన్న పల్లెవలె దోచు నీ యూరు ఆ నగరముకంటె పెద్దదియే.

ఒలందావా రిచ్చట నద్దకపు వస్త్రములను, రుమాళ్లను గొని తూర్పుదీవులకు పంపి, వానికి మారుగా సుగంధద్రవ్యములను బడసెడివారు. వర్తకము పురుషులదే యైనను ఊరు పురుషులతోడనే నిలువదు. స్వదేశమునుండి స్త్రీలను రప్పించుట వ్యయసాధ్యము, వచ్చినవా రల్పసంఖ్యాకులు. అందుచే కంపెనీ కొలువువారిలో ననేకులు క్రైస్తవమతము స్వీకరించిన యీదేశపు స్త్రీలను, పోర్చుగీసు సంకరసంతతివారిని వివాహమాడిరి. ఆసియా స్త్రీని పెండ్లాడినవాడు భార్యతో స్వదేశమునకు మరలరాదని కంపెనీ నియమము చేసెను. ఇట్లు వివాహమే ప్రవాసమును నివాసముగా మార్చినది. ఆ యిండ్లలో వ్యవహరించిన భాషయు చాలవఱకు ఒలందా భాషగాక, పోర్చుగీసే. తండ్రి భాష యొకటి, తల్లి భాష యొకటి, ఇంటి భాష వేఱొకటి.

ఈ కాపురముల సుఖమునే చెప్పి యూరకుండుట చరిత్రకు తగదు. ఈ రేవునుండియే, విశేషముగా క్షామకాలములందు, దరిద్రులను బానిసలుగా గొని యోడలపై బటేవియాకు పంపిరి. ఒక కుటుంబము నిలుచుటకు వచ్చిన తీరముననే మఱియొక కుటుంబము విడిపోయినది.

ఇట్టి యూరికి 1632లో ఆబ్రహాము రొజేరియసను మతాచార్యుడు వచ్చెను, పదియేండ్లుండెను. ఆయన సంస్కృతమెరుగడు. పద్మనాభుడను బ్రాహ్మణుని యొద్ద, ఇరువురకును తెలిసిన పోర్చుగీసు భాషలో, బ్రాహ్మణుల యాచారములను, వివాహాది సంస్కారములను, దేవతారాధనమును అడిగి వ్రాసికొనెను. భర్తృహరి నీతివైరాగ్యశతకముల భావములును ఆ మార్గముననే ఆయనకు లభించినవి. శృంగారశతక మందు చేరలేదు. స్వదేశమునకు మరలి 1649లో ఆయన మరణించెను. వ్రాతప్రతిని వెలికి దెచ్చినది ఆయన భార్య; 1651లో అది లైడెన్ నగరమున ముద్రితమైనది. 1663లో జర్మనుభాషలోనికిని, 1670లో ఫ్రెంచిలోనికిని పరివర్తితమైనది. సంస్కృతకావ్యము ఐరోపాభాషలోనికి వచ్చి ముద్రణమందుటకు దీనినే ప్రథమోదాహరణముగా చెప్పుదురు.

ఇంచుమించుగా నా కాలముననే, బాలసరస్వతీయ కర్తయైన ఎలకూచి బాలసరస్వతి మన తెలంగాణమున జటప్రోలు ప్రభువుల నాశ్రయించి భర్తృహరిని తెనిగించెను. ఆయన మూలమును వ్యాకరణదృష్టితో నెఱిగిన పండితుడు. ఒలందా మతాచార్యుడు రెండుభాషల తెరచాటున విన్నవాడు. ఇరువురి కృతులకును సామ్యము చెప్పరాదు. ఒలందావాని గ్రంథమున మతాభినివేశమువలన కలిగిన దోషములును కలవు. అయినను గ్రంథములు చేతిలో లేనివాడు ఒక గురువు నాశ్రయించి, విన్నదానిని జాగ్రత్తగా వ్రాసెననుట మఱువరాదు.

1690లో ఒలందావారు తమ ముఖ్యస్థానమును నాగపట్టణమునకు మార్చిరి. 1825లో ప్రళయకావేరి ఆంగ్లేయుల వశమైనది. కోట శిథిలమైనది. వారి శ్మశానవాటిక ద్వారమున అస్థిపంజరప్రతిమలు నిలిచియున్నవి. లోపల రాతిపలకలపై ఒలందా భాషలో మృతుల పేళ్లున్నవి. వర్తకపు లెక్కలు, కోటగోడలు, సమాధిశిలలు వారి నివాసమునకు మాత్రము సాక్ష్యములు. వారు ఈ దేశమును తెలిసికొన యత్నించిరనుటకు సాక్ష్యము పద్మనాభుని మాటలు వ్రాసికొన్న గ్రంథమే.

మొదట చెప్పిన వస ధాతువునుండియే అంతేవాసి శబ్దమును పుట్టినది. గురువు సమీపమున వసించువా డని దాని యర్థము. పూర్వపదమున సప్తమి లోపింపక నిలిచిన యలుక్సమాసమది. ప్రవాసి అంతేవాసియైనప్పుడే పరదేశము వానికి విద్య నిచ్చును. పరదేశమున కేగిన మన పిల్లలకును, మన నగరమునకు వచ్చిన పరదేశీయులకును ఈ నియమ మొక్కటియే. పద్మనాభునివలె అడిగినవానికి చెప్పగల గురువులను సిద్ధముగా నుంచుట మాత్రము పండితులమైన మనపై నున్న భారము.