జపాను లొంగుబాటు – రెండు శాసనములు

1945 ఆగస్టులో జపాను నాయకులు యుద్ధము నేల విరమించిరి? అణుబాంబుచేత నని కొందఱును, రుష్యా దండెత్తుటచేత నని కొందఱును వాదింతురు. ఈ రెండు వాదములకును జక్రవర్తి శాసనములందే యాధారము గలదు.

ఆగస్టు 14వ తేదీ శాసనము ప్రజల కుద్దిష్టము. మఱునాఁడు రేడియోలో వినిపింపఁబడెను. అందుఁ గ్రూరమైన నూతన బాంబు ప్రసక్తి కలదు. రుష్యా దండయాత్ర ప్రసక్తి లేదు. 17వ తేదీ శాసనము సైనికుల కుద్దిష్టము. అందు రుష్యా యుద్ధప్రవేశము కలదు. బాంబు మాట లేదు.

ఇందేది నిజము? ఆగస్టు 9వ తేదీ యుద్ధసమితి చర్చను జూడవలయును. హిరోషిమా నాశమై మూఁడు దినము లయ్యెను. రుష్యాసేనలు మంచూరియాఁ జొచ్చుటతో, మాస్కో మధ్యవర్తిత్వమున గౌరవసంధి లభించు నను నాశ యడుగంటెను. సభ జరుగుచుండఁగనే నాగసాకి వార్త వచ్చెను. అయినను సభ్యు లార్వురును జెఱిసగముగాఁ జీలిరి. సుజుకి, టోగో, యోనాయిలు రాజపీఠరక్షణ మను నొక్క నియమము చాలు ననిరి. అనామి, ఉమెజు, టొయోడాలు ఆక్రమణము, నిరాయుధీకరణము, యుద్ధాపరాధవిచారణముల విషయమున మఱి మూఁడు నియమములఁ గోరిరి. ఆ రాత్రి చక్రవర్తి మొదటి పక్షము నవలంబించెను. 14వ తేదీని దుదినిర్ణయమును దానే చేసెను.

కాఁబట్టి యే యొక్క కారణమును జాలదు. శాసనములు శ్రోతలనుబట్టి కారణమును మార్చినవి; రాజ్యవ్యవస్థారక్షణ మను ప్రయోజనమును మాత్రము రెండును విడువలేదు. నాయకుల హృదయ మందే తెలియుచున్నది.