భంగాక్షేత్రము

గంజాయిమొక్క చరిత్రమును వ్రాయువారు పలువురు ప్రాచీనగ్రంథములందు భంగాశబ్దము కనఁబడినంతనే మాదకద్రవ్యమును దలంచుచుందురు. ఈ తలంపు పాణినిసూత్రమున కన్వయింపదు.

ధాన్యము పండు పొలమును దెలుపుటకై పాణిని యైదవ యధ్యాయమునందలి రెండవపాదమున తద్ధితప్రత్యయములను విధించెను. అందు నాల్గవసూత్రమున తిలలు, మాషములు, ఉమ, భంగ, అణువు అను నైదింటిని జేర్చి చెప్పెను. తిలలు నువ్వులు, మాషములు మినుములు, ఉమ యవిసె, అణువు సన్నని ధాన్యవిశేషము. భంగ పండు చేనికి భంగ్యమనియు భాంగీనమనియు రెండురూపములు సిద్ధించును. కావున పాణినినాఁటికే యీ మొక్క పొలమున విత్తిన పంటయై యుండెననుట స్పష్టము.

ఉమాభంగలు ధాన్యములు కావుగదా యని మహాభాష్యమున నాక్షేపము గలదు. పతంజలి ధాన్యశబ్దమును ప్రీణనార్థకధాతువునుండి సాధించి, యివియుఁ బ్రీతిఁ గలిగించునవే యని సమాధానము చెప్పెను. ఈ ప్రీతి మత్తు గాదు. అవిసెకు మత్తు లేదుగదా! రెండింటికిని సమానమైనవి నారయు నూనెగింజయు. కుమావూఁ, గఢ్వాల్ కొండలయందు భంగనారతో ముదుకబట్టలు నేయుటయు, గింజలను దినుటయు ప్రసిద్ధములు.

మత్తుకొఱకైన సేద్యము వేఱు. 1893-94లో భారతీయ గంజాయి విచారణసంఘము వంగదేశమున రాజషాహీ మండలములోని నౌగావ్ సాగును వర్ణించినది. అచ్చట ఆగస్టున నారు పోసి, సెప్టెంబరున నాటి, నవంబరున నిపుణునిచే మగమొక్కలను బెఱికించి, మాఘఫాల్గుణములలోఁ గోఁతకోయుచుండిరి. మగమొక్క నిలిచినచో పుప్పొడి సోఁకి యాఁడుమొక్క గింజపట్టును, పూవునందలి బంక తగ్గును. తెలుఁగునాట బాపట్ల తాలూకాలోను నాఁడు గంజాయిసాగు గలదు.

ఇందుండి తేలునది యొకటి. మత్తుకై పెంచు చేనియందు గింజయే దోషము. పాణిని చెప్పిన చేనియందో గింజయే ఫలము. గింజ లేని పొలమును ధాన్యక్షేత్రమనుట పొసఁగదు. పాణినికాలమున మత్తు తెలియదని యిందుచే సాధింపరాదు. ఈ సూత్రము మాత్రము మత్తునకు సాక్ష్యము గాదు.

1985 నాఁటి మాదకద్రవ్యశాసనము గంజాయిసేద్యమును నిషేధించియు, నారకొఱకును గింజకొఱకును సాగుచేయుటకుఁ బ్రభుత్వము ప్రత్యేకాజ్ఞచే ననుమతింపవచ్చునని 14వ విభాగమునఁ జెప్పినది. మొక్క యొకటియైనను క్షేత్రములు రెండను వివేకము చరిత్రకారులకును నావశ్యకము.