గోల్ఫు గురువులూ, బంతి పలికిన సాక్ష్యమూ

తెలుగు పండితుడికీ గోల్ఫు ఆటకూ ఏమి చుట్టరికమని మిత్రులు నవ్వుకోవచ్చు. చిన్ననాటి బిళ్ళంగోడు తప్ప కర్రతో ఆడే ఆట మరొకటి నేను ఆడి ఎరుగను. అయినా పదవీ విరమణ తరువాత నేను ఇష్టంగా చదువుకొన్న విషయాలలో ఈ ఆటను నేర్పినవారి చరిత్ర ఒకటి. నా మోజు ఆట మీద కాదు, బోధన మీద. గురువు చెబుతున్నది నిజమో కాదో శిష్యుడికి ఎలా తెలుస్తుంది? జీవితమంతా సుద్దముక్క పట్టినవాడిని ఈ ప్రశ్న సులభంగా వదలదు.

వ్యాకరణ తరగతిలో ఒక సంధిసూత్రాన్ని తప్పుగా చెబితే ఆ తప్పు ఒక తరం దాకా బయటపడకుండా ఉండిపోవచ్చు. గోల్ఫులో అలా కాదు. దెబ్బ పడిన మరుక్షణమే బంతి ఆకాశంలోకి లేచి, అందరి యెదుటా సాక్ష్యం చెబుతుంది. ఇంత బహిరంగమైన సాక్ష్యం ఉన్న విద్యలో కూడా ఒక తప్పుడు పాఠం దశాబ్దాల తరబడి గౌరవంగా చెలామణి అయింది. అది ఎలా సాధ్యమైందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాష రెండు ముక్కలు. గోల్ఫు బంతి చిన్నది, గట్టిది; బరువు 45.93 గ్రాములకు మించరాదని నియమం. దానిని పొడవాటి కర్రతో కొట్టి దూరాన ఉన్న గుంటలో వేయాలి. కర్రను వెనక్కెత్తి, గుండ్రంగా తిప్పి కొట్టడాన్ని స్వింగ్ అంటారు. నేను విసురు అంటాను. కర్ర తలలో బంతికి తగిలే చదునైన భాగాన్ని ముఖం అందాము. తగిలే క్షణాన ఆ తల ప్రయాణిస్తున్న దిశను బాట అందాము. కుడిచేతివాటం ఆటగాడు కొట్టిన బంతి గాలిలో కుడివైపు వంగిపోతే స్లైస్, ఎడమవైపు వంగిపోతే హుక్. కొత్తగా నేర్చుకొనేవారిలో ఎక్కువమందిని పీడించేది స్లైస్. ఈ కథకంతటికీ ముఖం, బాట అన్న రెండు మాటలే ఆయువుపట్టు.

స్కాట్లండులో ఈ ఆట ఎంత పాతదంటే, యువకులు విలువిద్య మాని దీని వెంట పడుతున్నారని 1457లోనే అక్కడి పార్లమెంటు నిషేధం విధించింది. విసురును గురించి ఒక మనిషి కూర్చుని ఆలోచించి వ్రాసుకొన్న తొలి ఆధారం మాత్రం 1687 నాటిది. ఎడింబరోలో వైద్యం చదువుకొంటున్న థామస్ కింకెయిడ్ అనే యువకుడు కాళ్ళెలా నిలపాలో, కర్రనెలా పట్టాలో, శరీరమెలా తిరగాలో తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. అచ్చులో వచ్చిన తొలి బోధన గ్రంథం ఫార్నీ 1857లో వెలువరించిన గోల్ఫర్స్ మాన్యువల్. 1887లో సర్ వాల్టర్ సింప్సన్ తన పుస్తకంలో విసురును ఛాయాచిత్రాలతో చూపించాడు. అంతకుముందంతా చూసి నేర్చిన విద్యే. ఆటగాళ్ళ కర్రలు మోసే పిల్లలు వాళ్ళ విసురును చూసి, అనుకరించి, పెద్దయ్యాక తామే గురువులయ్యేవారు. మన పల్లెలలో చిరుతల భజన, కర్రసాము నేర్చుకొన్న పద్ధతి కూడా ఇదే కదా.

అనుకరణ నుంచి పుస్తకానికి రాగానే ఒక కొత్త చిక్కు వచ్చింది. చేసేవాడు తాను చేస్తున్నదానిని మాటల్లో పెట్టాలి. 1905లో హ్యారీ వార్డన్ వ్రాసిన పుస్తకం మొదలుకొని, విజేత పేరు అట్ట మీద ఉంటే చాలు, లోపలి మాటకు ప్రామాణ్యం వచ్చేది. గెలిచినవాడు చెప్పాడు కాబట్టి నిజమన్నమాట.

ఈ నమ్మకం ఎంతవరకు చెల్లుతుందో కాళిదాసు ఏనాడో చర్చకు పెట్టాడు. మాళవికాగ్నిమిత్రం మొదటి అంకంలో గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు మేమంటే మేమే గొప్పవారమని రాజు ముందుకు వస్తారు. తీర్పరి పరివ్రాజిక. కొందరికి విద్య తమలోనే శోభిస్తుందనీ, మరికొందరికి దానిని ఇతరులలోకి ప్రవేశపెట్టే నేర్పు ఉంటుందనీ, రెండూ ఉన్నవాడే గురువులలో అగ్రగణ్యుడనీ ఆమె అంటుంది. అందుచేత ఆచార్యులను కాక శిష్యుల ప్రదర్శనను చూడమంటుంది. అదే నాటకంలో గణదాసు మాళవికను తలచుకొని, పాత్ర మంచిదైతే గురువు విద్య ముత్యపుచిప్పలో పడిన వానచినుకు వంటిదని మురిసిపోతాడు. ఈ రెండవ మాట మొదటిదానికి హెచ్చరిక. ముత్యాన్ని చూపి చినుకు గొప్పదనకూడదు. చిప్ప గొప్పతనమూ లెక్కలోకి రావాలి. విజేతను తయారుచేసిన శిక్షకుడని పత్రికలు ఎవరిని పొగిడినా నాకు ఈ ముత్యపుచిప్పే గుర్తుకు వస్తుంది.

బెన్ హోగన్ సంగతి చూడండి. 1949లో బస్సు ఢీకొని ప్రాణాపాయం దాకా వెళ్ళి, 1950లో అమెరికా ఓపెన్ గెలిచిన మహానుభావుడు. 1957లో ఆయన అయిదు పాఠాల పుస్తకం వెలువడింది. నేటికీ అది ఆ శాస్త్రానికి బాలవ్యాకరణం వంటిది. ఐతే యౌవనంలో హోగన్‌ను వేధించిన రోగం హుక్. బంతి ఎడమకు వంగకుండా ఆయన పట్టు మార్చుకొన్నాడు, మణికట్టు మార్చుకొన్నాడు. ఆ చికిత్స ఫలితాలే పాఠాలలోకీ చేరాయి. చదివేవారిలో అధికసంఖ్యాకులు కుడికి వంగే రోగంతో బాధపడుతున్నవారు. ఎడమకు వంగకుండా ఆపే మందు వారికి పడితే ఏమవుతుంది? ఉన్న రోగం ముదురుతుంది. హోగన్ అబద్ధం చెప్పలేదు. తన శరీరానికి నిజమైనది చెప్పాడు. అది ఎవరి రోగానికి మందో విచారించవలసిన బాధ్యత పాఠం చెప్పేవాడిది.

ఇక అసలు కథ. బంతి ఎటు బయలుదేరుతుంది, ఎందుకు వంగుతుంది? ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో పుస్తకాలలోనూ, శిక్షకులకు శిక్షణ ఇచ్చే పాఠాలలోనూ సర్వత్రా వినిపించిన సమాధానం ఇది: బంతి బాట దిశగా బయలుదేరి, చివరకు ముఖం చూస్తున్న దిశకు వంగి వాలుతుంది. వినడానికి ఎంత అందంగా ఉంది! కర్ర ఎటు పోతే బంతి అటు పోతుందనడంలో సామాన్యుడికి సందేహమేముంటుంది?

కాని అది తప్పు. బంతి ముఖం నడుమ తగిలినపుడు బయలుదేరే దిశను అధికంగా నిర్ణయించేది ముఖమే. దూరాలు కొట్టే పెద్దకర్ర, అంటే డ్రైవర్ విషయంలో ముఖం వాటా సుమారు 85 శాతం, ఇనుపకర్రలలో సుమారు 75 శాతం. మిగిలినదే బాట వాటా. వంపుకు కారణం ముఖానికీ బాటకూ నడుమ ఉన్న తేడా. బంతి కర్రను అంటిపెట్టుకొని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. మానవనేత్రం దానిని చూడజాలదు. చూడలేనిచోట ఊహ రాజ్యమేలింది.

ఈ తప్పు వల్ల నష్టమేమిటని అడగవచ్చు. ఒక చెట్టు అడ్డం ఉన్నదనుకోండి. బంతిని చెట్టుకు ఎడమగా పంపి, కుడికి వంచి గమ్యం చేర్చాలి. పాత పాఠం ప్రకారం ముఖాన్ని గమ్యం వైపు నిలిపి, చెట్టుకు ఎడమగా విసరాలి. శిష్యుడు చెప్పింది చెప్పినట్టు చేస్తే బంతి దాదాపు ముఖం చూసినవైపే బయలుదేరి చెట్టుకు తగులుతుంది.

ఇంకొక ఉదాహరణ ఇంతకంటె విచారకరమైనది. ఒకడి బంతి కుడికి బయలుదేరి ఇంకా కుడికి వంగుతున్నది. నీ బాట కుడికి పోతున్నది, ఎడమకు విసురు అంటాడు గురువు. నిజానికి కుడికి తెరచుకొన్నది ముఖం. బాటను ఎడమకు తిప్పితే ముఖానికీ బాటకూ తేడా పెరిగి, బంతి మునుపటికంటె ఎక్కువ వంగుతుంది. శిష్యుడు ఇంకా ఎడమకు విసురుతాడు, ఇంకా వంగుతుంది. డబ్బు చెల్లించి, ఎండలో చెమటోడ్చి, చివరికి నాకు ఈ విద్య అబ్బదని తనను తానే నిందించుకొంటాడు. పాఠంలోని తప్పును తన తప్పుగా మోసిన ఆ అనామక శిష్యుల మీదనే నా సానుభూతి అంతా.

నిజం ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. బంతి గాలిలో ఎలా ప్రవర్తిస్తుందో ఎడింబరో ఆచార్యుడు పీటర్ గథ్రీ టెయిట్ 1890లలోనే పరిశోధించాడు. బంతికి నాడా కట్టి, కొట్టి, నాడాలో పడిన మెలికలు లెక్కించి అది ఎంత వేగంగా తిరుగుతుందో కనుగొన్నాడు. దూరం పోవడానికి వెనుకకు తిరిగే ఆ తిరుగుడే తోడ్పడుతుందని చూపాడు. ఎలక్ట్రానును కనుగొన్న జె. జె. థామ్సన్ 1910లో ఈ బంతి గమనం మీదనే లండనులో ఉపన్యసించాడు. 1968లో అలస్టెయిర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనే ఇద్దరు, బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందం చేసిన ప్రయోగాల ఫలితాలను గ్రంథంగా వెలువరించారు. బంతి ముఖం దిశకే దగ్గరగా బయలుదేరుతుందన్న సంగతి అందులో ఉంది. పుస్తకం దొరుకుతూనే ఉంది. పాత పాఠమూ నడుస్తూనే ఉంది.

డెన్మార్కులో 2003లో మొదలైన ట్రాక్‌మన్ అనే సంస్థ రాడారుతో బంతినీ కర్రనూ వెంటాడి కొలిచే పరికరాన్ని తెచ్చింది. ప్రతి దెబ్బకూ ముఖమెటు, బాటెటు అన్నది అంకెలలో కనబడసాగింది. అప్పుడు గాని శిక్షకలోకం కదలలేదు. దానికి వారు పెట్టుకొన్న పేరు కొత్త నియమాలు. బంతికి మాత్రం కొత్త నియమాలేమీ లేవు. కింకెయిడ్ నాడు ఎలా ఎగిరిందో నేడూ అలాగే ఎగురుతున్నది.

ముద్రితమైన సత్యం దాదాపు 40 ఏళ్ళు ఎందుకు మూలన పడింది? మహా ఆటగాళ్ళు పాత సూత్రాన్నే చెబుతూ చెట్టును చక్కగా తప్పించేవారు కాబట్టి. నోరు ఒకటి చెబుతుంటే చేతులు మరొకటి చేసేవి. వేల దెబ్బలలో బంతి నేర్పిన పాఠాన్ని చేతులు విన్నాయి. నోటికి ఆ సంగతి తెలియలేదు. మన భాషాచరిత్ర తెలిసినవారికి ఇది వింత కాదు. గ్రాంథికమే వ్రాయాలని శాసించిన పండితుల వ్రాతలలోనే ఆ నియమాలు ఎలా తప్పుతున్నాయో గిడుగు రామమూర్తి పంతులు ఉదాహరణలతో చూపలేదా? లక్ష్యాన్ని చూసి లక్షణం చెప్పాలన్నది మన శాస్త్రకారుల మర్యాద. ఎగిరే బంతి లక్ష్యం, సూత్రం లక్షణం. రెండూ విభేదిస్తే దిద్దవలసినది సూత్రాన్ని. గోల్ఫు గురువులు శిష్యుణ్ణి దిద్దబోయారు.

శాస్త్రం ఎరగని గురువులందరూ విఫలులని కూడా అనలేము. ఎర్నెస్ట్ జోన్స్ అనే ఆంగ్లేయుడు మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో, కుడికాలు పోగొట్టుకొన్నాడు. ఒంటికాలితోనే మళ్ళీ ఆడాడు, బాగా ఆడాడు. విసురుకు ఈ కాలు ఇలా, ఆ భుజం అలా అని చెప్పే శాస్త్రమంతా ఆయన విషయంలో ఏమైనట్టు? తరువాత అమెరికా చేరి, న్యూయార్కులో ఒక గదిలోనే వేలమందికి పాఠాలు చెప్పాడు. చేతిరుమాలు కొనకు చిన్న చాకు కట్టి ఊపి చూపేవాడు. ఊపితే చాకు చక్కగా ఊగుతుంది, బలవంతంగా నెడితే రుమాలు ముడుచుకుపోతుంది. శరీరాన్ని మరచి కర్ర తలను ఊపండి అన్నదే ఆయన పాఠం. ఆయన శిష్యురాలు వర్జీనియా వాన్ వీ 1932, 1933, 1934లలో వరుసగా అమెరికా మహిళా అమెచ్యూర్ ఛాంపియన్. ముత్యపుచిప్ప సంగతి మరవకుండానే ఒక మాట చెప్పాలి. 1999లో గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు గోల్ఫు ఎరగని కొత్తవారి మీద ప్రయోగం చేశారు. చేతుల కదలిక మీద మనసు పెట్టినవారికంటె, కర్ర ఊగడం మీద మనసు పెట్టినవారు మెరుగ్గా కొట్టారు. గది గోడల మధ్య ఆ ఒంటికాలి గురువు చెప్పినది పరీక్షకు నిలిచింది.

ఆస్టిన్ నగరంలోని హార్వే పెనిక్ మరొకరు. దశాబ్దాలు తన ఎర్ర నోటుపుస్తకంలో అనుభవాలు వ్రాసుకొని 1992లో గాని అచ్చువేయని వినయశీలి. బెన్ క్రెన్షా, టామ్ కైట్ ఇద్దరూ ఆయన శిష్యులే, ఇద్దరిదీ ఒకే విసురు కాదు. ఒకరికి చెప్పేది మరొకరికి పనికిరాదని, ఒకరి పాఠం రెండవవారి చెవిన పడనిచ్చేవాడు కాదట. 1995లో ఆయన కన్నుమూసిన వారానికే క్రెన్షా మాస్టర్స్ గెలిచి గురువును తలచుకొని కన్నీరు పెట్టుకొన్నాడు.

ఇంతకూ గురువును తూచే త్రాసు ఏది? ఈ చరిత్ర చదివి నేను గ్రహించినది చెబుతాను. గురువు ఎంత బాగా ఆడతాడన్నది చాలదు. ఎంత గొప్పవాడికి నేర్పాడన్నదీ చాలదు. సామాన్య శిష్యుడు ఒకడు ఆయన వద్దకు రాకముందు ఎలా ఉన్నాడు, ఆరు నెలల తరువాత ఎలా ఉన్నాడు అని చూడాలి. సూత్రం చెప్పేముందు ఆయన శిష్యుడి బంతిని చూస్తున్నాడా అని చూడాలి. పాఠం పనిచేయనపుడు శిష్యుడి బుద్ధిని శంకిస్తున్నాడా, తన పాఠాన్ని శంకిస్తున్నాడా అని చూడాలి. ఈ చివరి పరీక్షే అన్నిటికంటె కఠినం. రాడారు పరికరం పక్కన పెట్టుకొన్నంత మాత్రాన ఈ పరీక్ష తప్పదు. అంకెలు తప్పును చూపుతాయి గాని, ఆ తప్పును ఏ మాటతో శిష్యుడి చేతిలోకి పంపాలో చెప్పవు. అది గురువు పనే.

సంగీతమైనా, ఛందస్సైనా, లెక్కలైనా ఈ త్రాసు చెల్లుతుందనే నా అభిప్రాయం. కాకపోతే మన తరగతి గదులలో ఎగిరే బంతి లేదు. సాక్ష్యం చెప్పేది పిల్లవాడి ముఖమొకటే. దానిని చదవడం నేర్చిన ఉపాధ్యాయుడికి రాడారుతో పనిలేదు. గోల్ఫు ఆడే మిత్రులెవరైనా ఉంటే, మీకు నేర్పినవారు ముఖం సంగతి ముందు చెప్పారో, బాట సంగతి ముందు చెప్పారో తెలియజేయండి. వినాలని ఉంది.

స్వస్తి.