నిఖా శబ్దమునకు ముఖ్యార్థ మేది?

వివాహము, పరిణయము, పాణిగ్రహణము అను పదములను మనము పర్యాయములుగా వాడుచున్నాము. మొదటిది వధువును కొనిపోవుటను, రెండవది అగ్నిచుట్టును త్రిప్పుటను, మూడవది చేయి పట్టుటను తెలుపును. యోగార్థము మఱుగుపడి రూఢి నిలిచినది. నల్లగొండలోను, 1890లో ఆఱవ నిజాము పేర మహబూబునగరమైన పాలమూరులోను పొరుగు ముసల్మానుల యిండ్ల వినవచ్చు నిఖా శబ్దమునకును ఇట్టి చరిత్రయే కలదు. అయితే అచ్చట అర్థవివాదము విధినే మార్చినది.

అరబీలో ఈ పదమునకు మూలమున కలయిక యని యర్థము. స్త్రీపురుష సంయోగమే ముఖ్యార్థమనియు, వివాహపు ఒడంబడిక లక్ష్యార్థమనియు హనఫీ ధర్మవేత్తలు చెప్పిరి. షాఫియీలు తలక్రిందు చేసి, ఒడంబడికయే ముఖ్యార్థమనిరి. అలంకారశాస్త్రము చదివినవారికి ఈ తగవు క్రొత్తది కాదు. ముఖ్యార్థమునకు బాధ కలిగినప్పుడే గదా లక్షణను ఆశ్రయింపవలెను!

తండ్రి నిఖా చేసికొనిన స్త్రీని కుమారుడు చేసికొనరాదని ఖురాను నాల్గవ అధ్యాయము విధించినది. షాఫియీల మతమున ఈ నిషేధము ధర్మబద్ధమైన సంబంధమునకే చెందును. అక్రమ సంయోగమునకు వర్తింపదు. హనఫీలకో, తండ్రి యే తీరున కలిసినను ఆ స్త్రీ కుమారునకు నిషిద్ధయే. తెలంగాణపు ముసల్మానులలో ఎక్కువమంది హనఫీలు. హైదరాబాదు బార్కసులోని అరబ్బులు షాఫియీలు.

2005లో ఉత్తరప్రదేశపు ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక కోడలు, మామ తన్ను చెఱిచెనని మొఱపెట్టుకొనెను. దేవబందు ముఫ్తీలు హనఫీ పాఠము ననుసరించి, ఆమె యిక భర్తకు తగదనిరి. 2006లో న్యాయస్థానము మామకు పదేండ్ల శిక్ష విధించినది. నేరము మామది, పోవలసిన కాపురము కోడలిది! ఒక ధాతువుయొక్క యర్థము ఇంత పని చేయునని నిఘంటుకర్త లెఱుగుదురా?

మార్గము లేదని యనరాదు. భర్త జాడ తెలియని స్త్రీల బాధ చూచి, దేవబందులోనే చదివిన అష్రఫ్ అలీ థానవీ మాలికీ మతమును గ్రహింపవచ్చునని వ్రాసెను. 1939 నాటి ముస్లిము వివాహరద్దు చట్టమునకు ఆ వ్రాత తోడ్పడినది. అక్కడ చెల్లిన న్యాయము ఇక్కడ ఏల చెల్లదో మాకు బోధపడకున్నది.

మహరు మాటలోను చిక్కున్నది. ఐను అక్షరముతో వ్రాసిన ముఅజ్జలు అడిగినంతనే యీయవలసినది; హంజాతో వ్రాసినది మరణమునకో తలాఖుకో వాయిదాపడునది. ఉర్దూ పలుకుబడిలో రెండును ఒక్కటే, తెలుగు లిపిలోను ఒక్కటే. సియాహాలో సంతకము చేయు పిల్లకు, సొమ్ము ఇప్పుడా, పిమ్మటనా యని తెలుగున విప్పి వ్రాసి వినిపింపవలసినదని ఖాజీలను కోరుచున్నాము.