వాడలో తెర, తెరపై సాక్ష్యం

1956 డిసెంబరు 7న బాబాసాహెబ్ అంబేడ్కర్ అంతిమయాత్ర బొంబాయి వీధుల్లో సాగింది. దాదర్ సముద్రతీరాన అంత్యక్రియల వేళ భదంత ఆనంద కౌసల్యాయన్ సమక్షంలో వేలాదిమంది బౌద్ధ ధమ్మాన్ని స్వీకరించారు. ఆనాటి జనప్రవాహాన్ని మనం నేటికీ కదిలే బొమ్మల్లో చూడగలుగుతున్నామంటే, అందుకు నామదేవ్ వట్కర్ పూనికే ముఖ్య కారణం. ఆయన ఆ యాత్రను కెమెరాతో చిత్రించి ఉంచారు. మన చరిత్రను మనమే భద్రపరచుకోవాలన్న పాఠం ధమ్మదీక్ష జరిగిన కొద్ది వారాలకే మనకు అందింది.

అయితే భద్రపరచడంతో పని ముగియదు. భద్రపరచినదాన్ని జనం మధ్యకు తెచ్చి, కలిసి చూసి, కలిసి ఆలోచించినప్పుడే అది చరిత్రగా నిలుస్తుంది. తెలంగాణలో డక్కలి కళాకారులు పటం విప్పి, బొమ్మ బొమ్మనూ చూపుతూ మాదిగలకు జాంబపురాణం వినిపించేవారు. చదువుకు దూరం చేయబడిన వాడకు ఆ పటమే గ్రంథం. నేడు వాడల్లో, విహారాల్లో, అంబేడ్కర్ భవనాల్లో తెర కట్టి డాక్యుమెంటరీలు ప్రదర్శించడం మనకు కొత్తగా అబ్బిన అలవాటు కాదు. పాత అలవాటే కొత్త పరికరాన్ని అందుకున్నది.

ఈ ప్రదర్శనల చరిత్రలో ముంబయికి ప్రత్యేక స్థానం ఉన్నది. 1997 జూలై 11 ఉదయం ఘాట్కోపర్‌లోని మాతా రమాబాయి అంబేడ్కర్ నగర్‌లో బాబాసాహెబ్ విగ్రహానికి చెప్పుల దండ వేసి ఉండటాన్ని జనం చూశారు. నిరసనకు దిగినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది ప్రాణాలు కోల్పోయారు. గుంపు ఇంధన ట్యాంకర్లకు నిప్పుపెట్టబోయిందని, అందువల్లనే కాల్చవలసి వచ్చిందని పోలీసులు చెప్పారు. న్యాయమూర్తి గుండేవార్ విచారణ సంఘం ఆ కాల్పులను తప్పుపట్టింది. బాధ్యుడైన అధికారికి 2009లో సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించినా, హైకోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

కాల్పులు జరిగిన నాలుగు రోజులకు గాయకుడు, కవి విలాస్ ఘోగ్రే ఉరివేసుకొని మరణించారు. జీవితమంతా ఎర్రజెండా పాటలు పాడిన ఆ మనిషి చివరి క్షణాన తలకు నీలిగుడ్డ కట్టుకున్నారు. 1985 నాటి ‘బాంబే అవర్ సిటీ’ చిత్రంలో ఆయన గొంతును వినిపించిన దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్, ఆ మరణం లేవనెత్తిన ప్రశ్నను వెంబడిస్తూ పద్నాలుగేళ్లు శ్రమించారు. ‘జై భీమ్ కామ్రేడ్’ అలా రూపొందింది. 2012 జనవరిలో ఆ చిత్రాన్ని బైకుల్లాలోని బి.ఐ.టి. చాళ్లలో, శ్రామిక దళిత కుటుంబాల మధ్య ప్రదర్శించారు. తర్వాత అనేక బస్తీలలో అది తెరకెక్కింది.

దాదాపు మూడు గంటల చిత్రాన్ని పగలంతా పనిచేసి వచ్చిన జనం ఎందుకు కూర్చొని చూస్తారు? వార్తాపత్రికలో పదిమంది మరణం ఒక సంఖ్య. వాడలోని తెరమీద ఆ పదిమంది ఒకరి బిడ్డలు, ఒకరి తోబుట్టువులు. తల్లి చెప్పే మాటను పక్కింటివారు విని తల ఊపినప్పుడు అది ఆమె ఒక్కరి దుఃఖంగా మిగలదు, ఊరందరి వాంగ్మూలం అవుతుంది. న్యాయస్థానంలో కాలం గడిచేకొద్దీ సాక్ష్యం పలచబడుతుంది. ప్రదర్శన జరిగిన ప్రతిసారీ ఆ సాక్ష్యానికి కొత్త సాక్షులు చేరుతారు.

కనుకనే ఈ ప్రదర్శనలకు అడ్డంకులూ ఎదురవుతాయి. మలం ఎత్తే పనిలో, మురుగు గుంతల్లో కార్మికులు పడుతున్న బాధలను 2017లో ‘కక్కూస్’ చిత్రంలో చూపిన దివ్యభారతికి తమిళనాడులో అనేకచోట్ల ప్రదర్శనకు అనుమతి దొరకలేదు. ఆమె ఆ చిత్రాన్ని యూట్యూబ్‌లో ఉంచారు. కేసులనూ ఎదుర్కొన్నారు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. చట్టం నిషేధించిన పనిని చూపడానికే అనుమతి కరువైంది.

ఇక్కడ మనల్ని మనం అడగవలసిన ప్రశ్న కూడా ఒకటున్నది. మన కథను ఎవరి కన్ను చూస్తున్నది? బయటినుంచి వచ్చిన మిత్రుల కృషికి మనం కృతజ్ఞులం. కాని మన శవాలు, మన కన్నీళ్లు మాత్రమే తెరమీద కనిపిస్తే మన పిల్లలు తమను కేవలం బాధితులుగా భావించుకునే ప్రమాదం ఉన్నది. సోమనాథ్ వాఘ్మారే భీమా కోరేగావ్ గురించీ, తర్వాత ‘చైత్యభూమి’ పేరిటా చిత్రాలు తీశారు. జ్యోతి నిషా బాబాసాహెబ్ వారసత్వాన్ని నేటి బహుజన జీవితంతో కలిపి చిత్రించారు. ఏటా డిసెంబరు 6న దాదర్ చేరే లక్షలాదిమందిని నగరానికి ఇబ్బందిగా చూసే కన్ను వేరు. అదే జనంలో పుస్తకాలు కొనేవారిని, పాటలు పాడేవారిని, వందనం చేసేవారిని చూసే కన్ను వేరు. ఈ రెండవ కన్ను మనది.

ధమ్మాన్ని బుద్ధుడు ‘ఏహిపస్సికో’ అన్నారు. వచ్చి చూడు, పరీక్షించు అని దాని భావం. ఉన్నదాన్ని ఉన్నట్లు చూడటమే యథాభూత దర్శనం. తెరపై కనిపించినదంతా సత్యమని నమ్మమని కాదు, ప్రశ్నించి తెలుసుకొమ్మని ఆ పిలుపు. అందుచేత చిత్రం ముగియగానే దీపాలు వేసి ఇళ్లకు పంపివేసే ప్రదర్శన సగం పని మాత్రమే. త్రిశరణ పంచశీలాలతో మొదలుపెట్టి, చిత్రం చూసి, ఆపై పెద్దలు తమకు గుర్తున్నది చెప్పాలి. పిల్లలు అడగాలి. స్త్రీలు ముందుగా మాట్లాడాలి. ఆ మాటలను ఎవరో ఒకరు రాసి ఉంచాలి.

నాడు వట్కర్ చిత్రించకపోయి ఉంటే డిసెంబరు 7 నాటి దృశ్యం మనకు అందేది కాదు. మన వాడల్లోని వృద్ధుల జ్ఞాపకాలు ఎన్ని నేడు అదే అంచున ఉన్నాయో ఆలోచించుదాం. తెర కట్టుదాం. అంతకుముందే వారి ఎదుట ఒక కెమెరా కూడా నిలుపుదాం.